దూడకు తగిలిన దిష్టి

నబవియా ఇంకో గేదె పాలు పితికి సీసాలో పోసిస్తే, తల్లి చచ్చిన దూడకు పట్టడం ఆమె మొగుడు శహాత వంతు. అదేదో రాజ్యమేలుతున్నట్టు ఊరంతా చెప్పుకున్నాడు. వారం తిరిగేసరికి దూడ లేవలేకపోయింది.

“దిష్టే! పక్కింటోడివి పాడు కళ్లు,” అని తేల్చేశాడు శహాత.

నబవియా పటికను దూడ చుట్టూ ఏడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. కాలిన పటికలో దిష్టి పెట్టినవాడి మొహం తేలుతుందని మా నైలు ఒడ్డున పసివాళ్లకూ తెలుసు.

ఆమె వంగి చూసి, “మీసాలున్నాయి,” అంది.

“చెప్పలా, వాడే!” శహాత కర్ర అందుకున్నాడు. “ఇవాళ వాడో నేనో!”

“ఆగవయ్యా,” అంది నబవియా. “దూడ మూతి పొద్దుట్నుంచీ పొడిగానే ఉంది. వీధిలోకి పోయేముందు నీ మీసాలకంటిన పాలనురగ తుడుచుకో.”