ధ్యాసంతా బంతి మీదే

"ఇస్త్రీపెట్టె ఆపి వచ్చావా బావా?" అన్నాడు వికెట్ల వెనక నుంచి ఫొటోగ్రాఫరు.

టైలరు గుండె జారింది. ఆ వెనకే బౌలరు చేతిలోంచి బంతీ జారింది. అది నిమ్మళంగా నడిచొచ్చేలోపే టైలరు బ్యాటు ఊపేసి, గాలిని నిలువునా రెండు ముక్కలు చేశాడు.

"ఆహా! ఏం కటింగు బావా!"

ఫొటోగ్రాఫరు అవతలి వీధి జట్టు కీపరు. టైలరుకి సొంత బావమరిది. మైదానంలోకి దిగాక మాత్రం బావ లేదు, మరిది లేదు.

"వాడి మాట చెవిన పెట్టకు బాబాయ్!" అవతలి కొస నుంచి కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. అతను ఎలక్ట్రీషియను. ఊళ్లోవాళ్ల ఫ్యూజులు వేస్తాడు గానీ, తన ఫ్యూజు మాత్రం మాటిమాటికీ పోతుంటుంది. "ఆఖరి వికెట్టు మనది. ఇది పోయిందంటే ఏడాది పొడుగునా ఆదివారాలు మైదానం వాళ్లది. మనం మేడల మీద గోళీలాడుకోవాలి."

"కొట్లో ఏదో మర్చిపోయానురా. బుర్రలో ఎవరో సూది పెట్టి కుడుతున్నట్టుంది."

"ఇస్త్రీపెట్టా?"

"ఏమో! నువ్వు బండి ఆపి అరిచిన అరుపుకి షట్టరు లాగేసి ఎక్కేశాను కదా."

"ఆ ధ్యానంగాడు వచ్చుంటే నిన్ను లాక్కొచ్చే పనేముంది?" కెప్టెన్ పళ్లు నూరాడు.

ధ్యానంగాడే వాళ్ల జట్టుకి ప్రాణం. ఆటకి ముందు ఏదో ఓ మూల చేరి, ఫోను ఆపేసి, చెవుల్లో దూది కుక్కుకుని కళ్లు మూసుకుంటాడు. అలా కూర్చుంటే మనసు చెదరదట. ఇవాళ ఏ మూల చేరాడో గానీ, ఆరేసి ఓవర్ల ఆట అయిపోవస్తున్నా మనిషి జాడ లేదు.

"ఇదిగో బాబాయ్, కొట్టు సంగతి మర్చిపో. వాడు నెమ్మదిగా వేస్తున్నాడు, గీత దాటి ముందుకొచ్చి ఆడు. బంతి తప్ప ఇంకేదీ చూడకు. లెంగ్తు చూసుకో, అంతే."

"లెంగ్తు నాకు చెబుతావుట్రా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నది లెంగ్తులే!"

"చూసిన లెంగ్తు అదేనా?" ఫొటోగ్రాఫరు కిందికి చూపించాడు. టైలరు తొడుక్కున్న తెల్ల ప్యాంటుకి ఒక కాలు చీలమండ దగ్గర ఆగింది. రెండోది బూటుని మింగేసి నేల ఊడుస్తోంది. "ఎవరిది బావా ఇది?"

"ఇందాకెవరో తగ్గించమని ఇచ్చారు. తలెత్తి చూసే తీరికేది? తెల్లది కావాలన్నాడు వీడు. మిషను మీద కనబడితే తొడుక్కొచ్చాను."

"సరదాకి అనట్లేదు బావా, ఆ కాలు మడుచుకో. పడతావు."

"నా ధ్యాస చెదరగొట్టకు," అన్నాడు టైలరు.

ఈసారి సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు ఊపిరి బిగబట్టాడు. ఇస్త్రీపెట్టె పోయింది, కొట్టు పోయింది, బావమరిది గొంతు పోయింది. బంతి ఒక్కటే మిగిలింది. రెండడుగులు ముందుకేసి బాదాడు. గోడకి తగిలి తిరిగొచ్చింది బంతి. ఫోరు!

ఇక ఒక్క బంతి. మూడు పరుగులు.

టైలరు కళ్లు బౌలరు వేళ్ల మీదే ఉన్నాయి. బంతి వచ్చింది. మనుషుల్లేని వైపు చూసి పంపించాడు. "పరిగెత్తు బాబాయ్!" ఒక పరుగు అయింది. గిర్రున తిరిగాడు. పొడుగు కాలు పొట్టి కాలిని చుట్టేసింది. బ్యాటొక వైపు, మనిషొక వైపు పడ్డారు. ఫొటోగ్రాఫరు వికెట్లు లేపేశాడు. లేపాక అరవలేదు. వచ్చి బావకి చెయ్యందించి లేపాడు.

కెప్టెన్ బండి మీద ఇద్దరూ కొట్టుకి చేరారు. షట్టరు లేపగానే టైలరు ముందు బల్ల దగ్గరికి ఉరికాడు. ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది. ప్లగ్గు కూడా తీసే ఉంది.

"చూశావా? ఏమీ మర్చిపోలేదు. ఊరికే కంగారు," కెప్టెన్ స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ ధ్యానంగాడు నా కంటపడనీ, మెయిన్ లైను పట్టిస్తాను."

టైలరు ఆ మాయదారి ప్యాంటు విప్పేద్దామని ట్రయల్ రూము తెర పక్కకి లాగాడు.

లోపల, నడుముకి తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని ఒక మనిషి కూర్చున్నాడు. వెలుతురు తగిలి మెల్లగా కళ్లు విప్పాడు. చెవుల్లోంచి దూది పీకి, ప్రశాంతంగా నవ్వాడు.

"రెండో కాలు కూడా తగ్గించేశావా బాబాయ్? తొందరగా ఇటివ్వు. ఇవాళ మనసు ఎంత నిలకడగా ఉందనుకున్నావు! మ్యాచ్ మనదే."