తల్లిగారింటి చీర

రాజక్కను దిక్కులేని శవంలా సాగనంపారు.

ఆమె మొగుడు కొమురెల్లి ఆ మాటను ఏడుస్తూ చెప్పడు. బావిలో నీళ్లు లేవని చెప్పినట్టు చెబుతాడు.

కరోనా కాలంలో రాజక్క వరంగల్‌లో, ఒక దవాఖానలో పోయింది. అదే జబ్బుతో కొమురెల్లి ఇంట్లో మంచాన పడి ఉన్నాడు. ముత్తయిదువ పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. అది కప్పనిదే పాడె లేపరు. రాజక్కకు చీర లేదు, పాడె లేదు. ప్లాస్టిక్‌లో చుట్టి బండిలో వేసుకుపోయారు.

చీర తేలేదని ఆమె తమ్ముడు రాంచందర్‌ను కొమురెల్లి మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

తరువాత కొన్నేళ్లకు, మిర్చి ఏరే రోజుల్లో, ఒక మనిషి సంచితో వచ్చి చేను గట్టున నిలబడ్డాడు.

“కొమురెల్లి అంటే నువ్వేనా అన్నా?”

“అయితే?”

“నా పేరు పోశయ్య. నీతోని జర ఒక ముచ్చట...”

“ముచ్చట్లు చెప్పెటోళ్లు మస్తున్నరు. పని చేసెటోళ్లే లేరు. బస్తాలు మోస్తవా?”

పోశయ్య ఎర్రగా పండిన సాళ్లవైపు చూశాడు. కూలీ ఆడవాళ్లు నింపిన బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“మోస్త.”

మోటారు కొట్టంలోనే పడుకున్నాడు. తెల్లవారక ముందే లేచి సాళ్లకు నీళ్లు పెట్టేవాడు. బస్తాలు కల్లానికి చేర్చి, కాయలు ఆరబోసి, తెల్లబడిన తాలు కాయలు వేరుచేసేవాడు. ఘాటుకు కళ్లు మండినా తువాలు మూతికి కట్టుకుని కూర్చునేవాడు. బర్రె కూడా అతని చేతికి అలవాటు పడింది.

“మనిషినే పెట్టుకున్నవా మామా, ఎద్దును పెట్టుకున్నవా?” అంది కోడలు యమున నవ్వుతూ. “పిలిచి పెడితేనే తింటాండు.”

“ఎద్దయితే ఇంత తినదు,” అన్నాడు కొమురెల్లి.

పోశయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసుకుని ఇంకోసారి ధైర్యం చేశాడు.

“అన్నా, వదిన గురించి...”

“ఆమె ముచ్చట నా చేన్ల ఎత్తద్దు. ఎత్తినోడు చేన్ల ఉండడు.”

పోశయ్య మళ్లీ కల్లం మీద కూర్చున్నాడు. తాలు ఏరుకున్నాడు.

మిర్చి ఏరడం చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం పోశయ్య అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా, అడగకుండానే చెప్పాడు.

“కరోనల నేను దవాఖానలనే పనిచేసిన అన్నా.”

“ఏం పని?”

“పీనుగుల పని.”

కొమురెల్లి లేచాడు.

“నా పెండ్లాన్ని బండ్ల ఇసిరేసినోళ్లల్ల నువ్వొకడివా?”

“ఇసరలేదన్నా. జర నా మాట ఇను.”

“ఇన్ని దినాలు నా ఇంటి బువ్వ తిన్నవు. నడువ్!”

కొట్టంలోంచి సంచి తెచ్చి బాటలోకి విసిరాడు. యమున అడ్డం రాబోయి, మామ ముఖం చూసి ఆగిపోయింది. పోశయ్య చేయి కడుక్కున్నాడు. సంచి దులుపుకుని భుజాన వేసుకున్నాడు.

“కల్లం మీద పట్టా కప్పు బిడ్డా, మొగులైతాంది, వానొస్తది,” అని యమునకు చెప్పి వెళ్లిపోయాడు.

కొంచెంసేపటికి రాంచందర్ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. చేతిలో పెళ్లిపత్రిక ఉంది.

“గడప తొక్కద్దన్నవు బావా. చేనుకు గడప లేదు గదా. మా బిడ్డ పూజ లగ్గం, చెప్పిపోదామని వచ్చిన.”

“చెప్పినవు గదా. పో.”

రాంచందర్ కదల్లేదు.

“తొవ్వల పోశయ్య కలిసిండు. ఆయన్ను ఎందుకు ఎల్లగొట్టినవు?”

“పీనుగులు మోసెటోడు. నీకెట్ల ఎరుక?”

“నన్ను ఆయనే గుర్తుపట్టిండు. బావా, అక్కకు తల్లిగారింటి చీర కప్పింది గాయనే.”

కొమురెల్లి చేతిలోని మిరపకాయలు జారిపోయాయి.

“ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?”

“ఎన్నడన్న చెప్పనిచ్చినవా? అక్క పోయెటప్పుడు నీకొక మాట చెప్పుమని పోశయ్యతోని అన్నదట. నాకు చెప్పుమని అడిగితే, మొగనికి పంపిన మాట తమ్మునికెట్ల చెప్తనన్నడు. ఉరుకు, ఆటో కోసం నిలబడ్డడు.”

కొమురెల్లి చెప్పుల్లేకుండానే రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆటో వెళ్లిపోయింది. కేసముద్రం స్టేషన్‌లో వెతికాడు. మార్కెట్‌యార్డులో హమాలీలను అడిగాడు.

“ఏ ఊరాయనది? ఇంటిపేరేంది?” అని వాళ్లు ఎదురు అడిగారు.

కొమురెల్లికి తెలియదు. ఒక్కనాడూ అడగలేదు.

పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. రాంచందర్ ఇంకా గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

“చీర నువ్వే తెచ్చినవా?”

“తెచ్చిన.”

“మరి నువ్వెందుకు కప్పలే?”

రాంచందర్ తల దించుకున్నాడు. 

“కరోన డ్రెస్సు ఇస్త, తొడుక్కొని లోపలికి రా, నీ అక్కకు నువ్వే కప్పు అన్నడు పోశయ్య. నాకు భయమైంది బావా. గేటు బయటనే నిలవడ్డ. ఆయన నా చేతులకెల్లి చీర తీసుకున్నడు. అక్క మీద పరిచిండు. చెవి కాడ వంగి, నాకు ఇనపడేటంత గట్టిగ అన్నడు: ‘అక్కా, నేను నీ తమ్మున్ని, తల్లిగారింటి చీర తెచ్చిన.’”

ఆనాటి నుంచి రాజక్కను ఎలా సాగనంపారో కొమురెల్లి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే లేచి చేనులోకి వెళ్లిపోతాడు.