ఏటి నడుమ కుండ

"ఏట్ల నీళ్ళు లేవు వదినా. కాసేపు కూసుందాం" అన్నాడు ముత్తయ్య.

ఉప్పలమ్మ మొగుడి అస్థికల కుండను ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది. మూడోనాడు ఏట్లో కలపాలి. ఎదురుగా ఇసుక, గుంటల్లో చిక్కుకుని చచ్చిన చేపలు. ఆ కంపు ఆమెకు తెలుస్తున్నట్టు లేదు.

"ఎప్పుడొస్తయి?"

"ఎప్పుడన్న రావచ్చు. ఎగువ డ్యాం కరెంటును పాతికేండ్లకు కొండ మీది గనికి అమ్మేసిన్రు గదా. గని అడిగినప్పుడే నీళ్ళిడుస్తరు. వాళ్ళ అక్కర తీరినంక బంద్ చేస్తరు. చేపలు ఇసుకలనే ఉండిపోతయి."

ముత్తయ్య కుండ తీసుకెళ్ళి ఏటి నడుమ, కొట్టుకుపోయిన పుచ్చపాదుల దగ్గర పెట్టి వచ్చాడు. నీళ్ళొస్తే అవే తీసుకుపోతాయి.

ఉప్పలమ్మ చెవుల మీది కొంగు తీసేసింది. ముత్తయ్య ఏదో చెప్పబోతే, "మాట్లాడకు" అంది.

ఎండ వాలే వేళకు మలుపు దగ్గర నురగ కనిపించింది. ముత్తయ్య లేచి నిలబడేలోపే ఏరు నిండింది. కుండ ఒకసారి పక్కకు ఒరిగింది. తర్వాత కనబడలేదు.

"నీకేమన్న ఇనబడ్డదా?" అని అడిగింది ఉప్పలమ్మ.

"ఏంది వదినా?"

"సైరన్. నీళ్ళిడిసే ముందు ప్రతిసారి ఏస్తమని, మొన్న పుచ్చపాదుల కాడ కొట్టుకపోయిన మీ అన్నకే ఇనబడలేదని డ్యాం సాబు బీజాపూర్ పోలీసు ఠాణాల కాయితం రాసిచ్చిండు గదా."

ముత్తయ్య నీళ్ళ వైపే చూస్తున్నాడు.

"ఇనబడలే."

"నాకు గూడ ఇనబడలే" అంది ఉప్పలమ్మ. కొంగు తల మీదికి లాక్కుని లేచింది. "పా, ఇంటికి పోదాం."