ఎర్ర ముద్ర

"ఇది మాస్టారి చేతిరాత కాదు," అన్నాడు భూతద్దం, కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని.

అతని అసలు పేరు ఆ సంఘంలో ఎవరూ వాడరు. సినిమా సంగీత దర్శకుడి అభిమాన సంఘం అది. మాస్టారి పేరుతో వచ్చే స్వరాల కాగితాల్లో ఏది అసలు, ఏది నకిలీ అని అద్దం పెట్టి తేల్చేది అతనే. అసలుదైతే నీలి ముద్ర. నకిలీదైతే ఎర్ర ముద్ర. ముద్ర పడ్డాక అప్పీలు లేదు.

ఎదురుగా నిలబడ్డావిడకి అరవై దాటి ఉంటాయి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూచోమన్నవాడు లేడు.

"సరిగ్గా చూడు బాబూ. మాస్టారే ఇచ్చారు. ఆయన చివరి పాట. ఎక్కడా రికార్డు కాలేదు. ఆదివారం సంతాపసభలో మీవాళ్లు ఎలాగూ వాయిస్తారుగా, ఇది కూడా ఒక్కసారి వాయించండి. మా ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొస్తాను. ఆయన వినాలి. అంతే."

"ఎంతకిస్తావేంటి?" అన్నాడు కోశాధికారి.

"అమ్మడానికి రాలేదయ్యా."

వాళ్ల అభిమానాన్ని శంకించడానికి లేదు. మాస్టారు తుమ్మితే సంఘం వాట్సాప్ గ్రూపులో వార్త. ఆయన పోయిన కబురు సొంత తమ్ముడికంటే ముందు గ్రూపులోనే పడింది. స్టూడియో మూసేసిన రోజు చెత్తకుప్పలోకి దిగి మరీ ఆయన స్వరాల కాగితాలు ఏరుకొచ్చారు. రెండువందల పన్నెండు. ఒక్కోదానికీ ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. కీబోర్డు పట్టుకున్న ప్రతివాడూ వాటిని చూసే నేర్చుకున్నాడు. కాగితాలకి అద్దాల బీరువా చేయించారు. దాని ముందు నిలబడి కళ్లు తుడుచుకునేవాళ్లున్నారు. నేల సమంగా లేక బీరువా ఊగుతుంది, అదొక్కటే లోటు.

భూతద్దం ఆవిడని బీరువా దగ్గరికి పిలిచాడు.

"ఇటు చూడమ్మా. ముత్యాలు! ఒక్క కొట్టివేత ఉందా? ప్రతి కాగితం చివరా, గీత కింద, ఇదిగో ఈ చిన్న కొక్కెం. అది మాస్టారి గుర్తు. నేను ఛాతీ మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాను. చూపించమంటావా?"

"వద్దు బాబూ."

"మరి నీదో? కోడి కెలికినట్టుంది. గీతలు కిందికి జారిపోయాయి. నాలుగుచోట్ల కొట్టేశాడు. సిరా అలికేశాడు. కొక్కెం ఏదీ?"

వయొలిన్ వాయించే అమ్మాయి మెడ చాచి కాగితంలోకి చూసింది. రెండు లైన్లు సన్నగా పాడింది. ఆవిడ కళ్లు మూసుకుంది. మాస్టారు పోయాక ఆ పాట మళ్లీ చెవిన పడడం అదే మొదటిసారి.

"పాట మాత్రం బాగుందండోయ్," అంది వయొలిన్ అమ్మాయి.

"బాగుంటే మాస్టారిదైపోతుందా? నోర్ముయ్," అన్నాడు భూతద్దం. ఆవిడ వైపు తిరిగాడు. "మీ ఆయన ఏం చేస్తాడు?"

"స్టూడియోలోనే పని. ఇప్పుడేం లేదు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, పాట అసలే రాదు."

"అదీ సంగతి!" భూతద్దం తొడ చరిచాడు. "ఎడమచేత్తో రాశాడన్నమాట!"

గది గొల్లున నవ్వింది.

"కాలితో రాయలేదు, అదృష్టం," అన్నాడు కోశాధికారి.

ఆవిడ నోరు తెరిచింది. బీరువా వంక ఒకసారి చూసింది. నోరు మూసుకుంది. పాట సంగతి తప్ప ఇంకోటి ఎత్తొద్దని, బయల్దేరేటప్పుడే ఆయన చెప్పి పంపాడు.

ముద్ర ఠప్పున పడింది. స్వరాల మీద అడ్డంగా, ఎర్రగా: నకిలీ. కోశాధికారి దాన్ని ఫోనులో ఫొటో తీశాడు.

"పోనీ, నా కాగితం నాకిచ్చెయ్యండి."

"ఎలా ఇస్తామమ్మా? రేపు ఇంకెవడి చెవిలోనో పూలు పెడతావు. నకిలీ గడప దాటకూడదు. సంఘం రూలు."

కాగితాన్ని సగానికి మడిచాడు. మళ్లీ సగానికి. మళ్లీ. వంగి, బీరువా కాలి కింద దోపాడు. బీరువాని ఊపి చూశాడు. కదల్లేదు.

"ఇన్నాళ్లకి ఒక నకిలీ పనికొచ్చింది!"

చప్పట్లు కూడా కొట్టారు.

ఆవిడ ఇల్లు చేరేసరికే వాళ్లాయన దిండు పక్కనున్న ఫోనులో ఆ ఫొటో వచ్చేసింది. ఆయన కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఏనాడూ ఒక్క మాట రాయలేదు, ఫొటోలు చూసుకుంటాడంతే. 'మాస్టారి పేరుతో మోసం, జాగ్రత్త' అని రాసి, కింద ఎర్రముద్ర పడ్డ కాగితం. దాని కింద వందల్లో నవ్వే బొమ్మలు.

"వాయించరట," అంది ఆవిడ, చెప్పులు విప్పకుండానే.

"చూశాను," అన్నాడు ముద్దగా.

"వెళ్లి నిజం చెప్పేసి రానా?"

"వద్దే. పాపం, పిచ్చివాళ్లు. గుండె పగిలిపోతుంది."

"మన గుండె రాయా?"

ఆయన ఎడమచేత్తో ఆవిడ కొంగు పట్టుకుని లాగాడు.

"ఆ రెండొందల పన్నెండూ ఎలా ఉన్నాయి? చెదలు పట్టలేదుగా?"

"అద్దాల్లో పెట్టారు. బీరువా కూడా ఇప్పుడు ఊగట్లేదు."

నలభై ఏళ్లు మాస్టారు కూనిరాగం తీస్తుంటే ఆ రెండువందల పన్నెండూ రాసింది మంచం మీద పడున్న ఈ కుడిచెయ్యే. అది పడిపోయాక, ఈ మంచం పక్కనే కూచుని, తడుముకుంటూ, కొట్టేసుకుంటూ, మాస్టారు బతుకులో తన చేత్తో రాసిన ఒకే ఒక్క కాగితం ఆ బీరువా కాలి కింద ఉంది.