పండ్లగదికి తాళం

"మా అత్త దొంగతనంగా తోట మామిడిపండ్లు తింటా ఉండాది సార్. పండ్లగదికి తాళం ఏసినా షుగర్ తగ్గలేదు," అని లోహిత చిత్తూరు డాక్టరుకు ఫిర్యాదు చేసింది.

పక్కనే కూర్చున్న అత్త మునెమ్మ తల దించుకుంది.

"రోజూ ఏం తాగుతారు?" అని అడిగాడు డాక్టరు.

"బలానికని నేనే రెండు పూటలా పాలల్లో ఈ పొడి కలిపిస్తా సార్." లోహిత గొప్పగా సంచిలోంచి డబ్బా తీసింది.

డాక్టరు డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇందులో మూడోవంతు చక్కెరేనమ్మా. పండ్లు కాదు, దీన్ని మాన్పించండి."

లోహితకు తలెత్తబుద్ధి కాలేదు. అంతలో భర్త ఫోన్ చేశాడు. "డాక్టరు ఏమన్నాడు?" అని అడిగాడు. ఆమె డబ్బాను గబగబా సంచిలోకి తోసింది.

మునెమ్మ ఫోను అందుకుంది.

"నేనే దొంగతనంగా పండ్లు తినేసినా నాయనా. పాపం, లోహిత తాళం కూడా ఏసింది."