తల జాగ్రత్త

"సార్, గైడు కావాల్నా?"

ముబారక్ రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడేసరికి ఆ పెద్దాయన ఒకడుగు వెనక్కి వేశాడు.

పరుగెత్తడా మరి! లాక్‌డౌన్ ఎత్తేసి నెలలైనా పెనుకొండకు ఒక్క టూరిస్టు బస్సు రాలేదు. బెంగళూరు కార్లూ రాలేదు. ఈ పొద్దు కూడా ఎవరూ రాకపోతే రేపటి నుంచి హిందూపురంలో మూటలు మోయడానికి పోతానని పెళ్లాం జరీనాతో చెప్పి వచ్చాడు. ఇంట్లో పొయ్యి మీద ఏమీ లేదు.

"చూపించప్పా," అన్నాడు పెద్దాయన, మాస్కు సర్దుకుంటూ.

రేటు అడగలేదు. ముబారక్ చెప్పనూలేదు. చూసినాక మీకు తోచింది ఇయ్యండి అనడమే ఈడ గైడులకు అలవాటు.

గగన్ మహల్ అంతా తిప్పాడు. రాయలోళ్లు ఎండాకాలం వచ్చి ఉన్న సంగతి, రాణులు చల్లగాలికి కూర్చున్న చోటు, అన్నీ చెప్పాడు. ఇన్ని నెలలూ గొంతులోనే ఉండిపోయిన మాటలు! పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ప్రశ్నలడిగాడు, అన్నీ ముబారక్‌కు ఇష్టమైన ప్రశ్నలే.

మెట్ల దగ్గర గుమ్మం బాగా కిందికి ఉంటుంది. పెద్దాయనే ముందుగా పైరాతికి చెయ్యి అడ్డం పెట్టి, "తల జాగ్రత్త," అన్నాడు.

"నేను చెప్పాల్సింది మీరు చెప్తాండారే సార్!"

ముబారక్ నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు పాపం.

కిందికొచ్చాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన జేబులో చెయ్యి పెట్టలేదు. సంచిలోంచి ఒక పొట్లం తీశాడు.

"చిత్రాన్నం. తిను నాయనా."

ముబారక్‌కు ఒళ్లు మండిపోయింది.

"నేనేమన్నా బిచ్చగాడినా? దుడ్లు లేనోడివి గైడును ఎందుకు పెట్టుకుంటివయ్యా!"

పొట్లం విసిరికొట్టాడు. గోడ మీది కోతులు దూకి ఎత్తుకుపోయాయి.

పెద్దాయన కాసేపు ఆ కోతుల వైపే చూశాడు.

"బాగా చెప్పినావబ్బా. ఈ పని ఇడిసిపెట్టొద్దు," అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

ముబారక్ గేటు బయట పుల్లమ్మ టీ బంకు దగ్గర కూలబడ్డాడు.

"ఏం ముబారకూ, చిత్రాన్నం తింటివా?"

"నీకెట్లా తెలుసు?"

"నేను కట్టిచ్చిందే కదా! నిన్నటి నుంచి ఏమీ తినలేదంటే ఆయప్పకు ఇస్తిని. మా ముబారకూ నీ మాదిరే పస్తుండాడని నోరు జారితిని. అట్లయితే ఆ పిల్లోడే తిననీ అనె. ఊరికే ఇస్తే మనసు కష్టపెట్టుకుంటాడు, పని చేయించుకుని ఇస్తానని లోపలికి పోయె."

ముబారక్ లేచి రోడ్డు మీదికి ఉరికాడు. అటూ ఇటూ చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఎవరు పుల్లమ్మా ఆయన?" అని అడిగాడు.

"లేపాక్షి గైడు హనుమంతప్ప. ఆడ జనం లేరని, ఈడన్నా టూరిస్టులుంటారేమో అని లారీ ఎక్కి వచ్చినాడు."