దయావతిగారింటి కూటం

సౌదీలోని రాబిగ్‌లో మన ఆడవాళ్ల ప్రార్థన కూటం దయావతిగారింట్లో గుట్టుగా జరుగుతుంది. చేరాలంటే ముందు అందరి ఎదుటా నిలబడి ఆవిడకు జవాబు చెప్పాలి. నేనూ నిలబడ్డాను.

“ఎందుకొచ్చావమ్మా?”

“నలుగురితో కలిసి తెలుగులో పాడుకోవాలనుందండీ.”

“పాటలకైతే బాత్రూమ్ చాలదూ? నువ్వెక్కడో నోరు జారితే మా అందరినీ ఫ్లైటెక్కించేస్తారు. వెళ్లు.”



బయటికి వచ్చాను. గుమ్మం ముందు గుట్టగా విడిచిన వాళ్ల చెప్పులన్నీ ఒంటిమీది నల్ల అబాయా ఒడిలో వేసుకుని, మళ్లీ లోపలికెళ్లి తివాచీ మీద గుమ్మరించాను.

“మెట్లెక్కి పోయేవాడికి ఇక్కడింతమంది ఉన్నారని నేను చెప్పక్కర్లేదండీ. ఇవి చెబుతున్నాయి.”

దయావతిగారు లేచి, నన్ను లోపలే ఉంచి గడియ పెట్టారు. కూర్చోమని మాత్రం అనలేదు.